కాఖా కొట్టేసిన హల్లులు

చియాతూరాలో మాటలు
గని ముందు పోసిన రాళ్ళు.
ఒక్క అచ్చు కోసం అయిదారు హల్లులు
క్యూలో నిలబడి తోసుకుంటాయి.
ఆ తోపులాటలో చిన్నప్పుడే ఇరుక్కున్నాడు కాఖా.
సొంత పేరుకే
మొదటి అక్షరం దగ్గర తాళం.

రోప్‌వే కింది స్టేషన్లో రాత్రి డ్యూటీ.
గనివాళ్ళను మోసుకుని డబ్బా పైకి వెళ్ళాక
లాగ్‌బుక్కు వెనక పేజీల్లో
భాష ఒకటి కడుతుంటాడు,
పునాదిలోంచి, ధ్వనుల దగ్గర్నుంచి.

ముందు పరుషాలు కొట్టేశాడు:
క చ ట త ప.
తర్వాత సరళాలు.
(పేరుకే సరళాలు! బ దగ్గర పెదాలు అతుక్కుంటే
డబ్బా పైకెళ్ళి కిందికొచ్చేది.)
మిగిలినవి మ, న, య, ల, వ,
అద్దం మీద ఊదినట్టుండే హ,
అయిదు అచ్చులు.
దీర్ఘం ఎంతసేపైనా తీసుకోవచ్చు, తొందరేం లేదు.

రొట్టె: లూమ.
మంచు: యెవాల.
పై స్టేషన్లో మీట పట్టుకునే మనిషికి
కొత్త మాట కట్టక్కర్లేకపోయింది.
నానులీ.
వాళ్ళమ్మ ఎప్పుడో ఈ భాషలోనే పెట్టేసింది.

ఆమె నేర్చుకుంది, ఫోన్లో,
రెండు చలికాలాలు.
పోట్లాడితే మాత్రం కుదరలేదు.
ఎంత తిట్టినా జోల పాడినట్టుండేది.

"కాదనడానికేది మాట?" అందొకరాత్రి.
ఊహూ ఉందిగా.
"అది కాదనడం కాదు, బతిమాలించుకోవడం.
తలుపేసినట్టుండాలి నాకు."

పదకొండు రోజులు ఆలోచించాడు.
గొళ్ళెం తీసి
క ఒక్కదాన్నే లోపలికి రానిచ్చాడు.
కె, అంటే కాదు.
రిసీవరెత్తి చెప్పబోతే
క్ క్ క్
క్ కె.
చెమటలు.

అవతల పెన్సిలు గీస్తున్న చప్పుడు.
"రాసుకున్నాను.
ఒక్కసారంటే కాదు.
ఇన్నిసార్లంటే
చచ్చినా కాదు. అంతేగా?"

మన వ్యాకరణంలో దీన్ని ఆమ్రేడితమంటారు.
అతనికి పేరు తెలీదు.
లాగ్‌బుక్కులో, నలభై ఒకటో సూత్రం కింద,
చెయ్యి వణుకుతుండగా రాశాడు:
హల్లును ఎన్నిసార్లయినా అనవచ్చు.
అన్నకొద్దీ అర్థం పెరుగును.

మర్నాడు రాత్రి పొగమంచు.
కేబుల్ మీద నీళ్ళు గడ్డకట్టాయి, డబ్బాలు ఆపేశారు.
ఫోను మోగింది.

"క్ క్ క్ క్ కాఖా," అంది నానులీ,
ఒక్క తప్పు లేకుండా.