టిఫిన్ డబ్బాలో మగపూలు

కాశీనగర్ దాటాక రెండో గేటు నాది.
రోజుకి కాసిని బళ్లు,
మిగతా పొద్దంతా ఒక్క గుమ్మడిపాదు.

కూరకి కాదు, అమ్మకానికీ కాదు.
తూకానికి.
ఆ మాట అన్నప్పుడు ట్రాక్‌మన్ సింహాద్రప్పడు
నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు.
మా సూరీడమ్మ లెక్క కట్టింది:
నాలుగు బళ్ల పెంట, ఇరవై తట్టల ఏటి ఇసక,
కాయకి ఎండ తగలకుండా తన నేతచీరలు మూడు.
"నా పురుళ్లకి ఇంత సేసినావేటి?" అంది.
చెయ్యలేదు.
జెండా మడత పెట్టుకుంటూ బయటికొచ్చేశాను.

ఈ పిచ్చి నా ఒక్కడిదే అనుకున్నాను,
గుణుపురం మందుల కొట్టు ఉద్ధబ్ సాబత్ తగిలేదాకా.
వాడి తెలుగులో ఒడియా, నా ఒడియాలో తెలుగు;
నాకు గుమ్మడి, వాడికి కఖారు.
వాడి ద్వారా సెరంగో కొండమీది సుంబారి గొమాంగో.
ఆమెకి మా రెండు భాషలూ అరకొరే.
అయినా ఫోనులో నా ఊపిరి విని
తీగకి పురుగు పట్టిందని పోల్చేది.

రాత్రి ఆఖరి బండి పోయాక మా ముగ్గురి వేళ.
టేపు పెట్టావా, ఎంత?
నిన్నటి మీద బొటనవేలెడు.
సుంబారికి టేపు లేదు, తాడుకి ముళ్లు వేస్తుంది.
"ఇయ్యాల ముడి దాటింది" అంటుంది,
మేమిద్దరం మా అంగుళాలు దాచుకుంటాం.

ఒక్క కాయే ఉంచాలి,
మిగతా పిందెలు గిల్లెయ్యమన్నాడు ఉద్ధబ్.
గోరు ఆనించి ఆగిపోయాను.
వాడు ఫోను పెట్టెయ్యలేదు.
అవతల ఎవరో జ్వరం బిళ్లలు అడుగుతుంటే
ఆగండి, ఆగండి అంటూ
నేను ఆరో పిందె గిల్లేదాకా ఉన్నాడు.

పోయినేడాది ఆ కాయ
పర్లాకిమిడి పార్సిలు కాటా ఎక్కవలసింది.
ముందు రాత్రి ఒకటే వాన.
రెండింటికి చప్పుడు,
తడి గోనె చించినట్టు.
లాంతరు పట్టుకెళ్తే
నా అరచెయ్యి దూరేంత పగులు,
లోపల పచ్చటి వెలుగు.

ఉద్ధబ్ అయ్యో అన్నాడు, ఇంకోసారి అన్నాడు,
తరవాత వాడికీ మాట లేదు.
సుంబారి అడిగింది ఒకటే:
"గింజలెన్ని?"
కూర్చుని లెక్కపెట్టాను. తెల్లారింది.
నాలుగువందల పద్దెనిమిది.

ఈ ఏడు ఆ గింజే.
ఆషాఢం ముసురుకి మగమొగ్గలన్నీ కుళ్లిపోయాయి.
రేపు తెల్లారి ఆడపువ్వు విచ్చుకుంటుందనగా
పాదంతా వెతికితే
ఒక్క మగమొగ్గ లేదు.

సాయంత్రం గుణుపురం పాసింజరు.
నా ఎడం చేతిలో పచ్చదీపం.
గార్డు బాబు వెనక పెట్టెలోంచి వొంగి
కుడి చేతిలో ఒక టిఫిన్ డబ్బా పెట్టి పోయాడు.
లోపల తడి దూది, దూదిలో మూడు మగమొగ్గలు,
మాత్రలిచ్చే కాగితం కవరు మీద ఉద్ధబ్ చేతిరాత:
ఉదయం ఒకటి. పరగడుపున.

రెండే రాశాడా, మూడు పెట్టాడా అని
రాత్రంతా మూత తీసి చూశాను.

కోడి కూసే వేళకి విచ్చుకున్నాయి.
రేకులు తుంచి, పుప్పొడి కాడ
ఆడపువ్వు గుండె మీద మెల్లగా తిప్పాను.
తేనెటీగ దూరకుండా
సూరీడమ్మే వచ్చి దారంతో పువ్వు మూతి కట్టింది.
ఏమీ అనలేదు.

అప్పుడే సుంబారి ఫోను:
"కొండమీద మొదలెట్టీసింది వాన.
గంటలో నీకాడికొస్తది."

ఇంట్లో ఉన్న గొడుగొక్కటే.
పువ్వు మీద పాతాను.
ఆరూ పది బండికి
తడుస్తూ గేటు వేశాను.