జోకొట్టే చెయ్యి

మూడు రోజులుగా కరిష్మా కదల్లేదు.
కదలకపోతే నెమ్మదించినట్టేనని
వరండాలో వాళ్లవాళ్లు చెప్పుకుంటున్నారు:
"ఫిట్స్ ఆగినయ్యంట."

ఆగాయో లేదో చూడ్డమే నా ఉద్యోగం.
గుంటూరు పెద్దాసుపత్రి, పిల్లల ఐసీయూ, రాత్రి డ్యూటీ.
దువ్వెన తోకతో పాపిళ్లు తీసి
ఒక్కో పాయా పక్కకి జరిపి
ఇరవై ఒక్క బిళ్లలు జిగురుతో అంటించాను.
"గుండు కొట్టరుగా సార్?" అంది మస్తాన్‌బీ.
కొట్టమన్నాను. నేను సార్‌ని కాననీ అన్నాను. వినలేదు.

మిర్చియార్డులో తొడిమలు తీసే మనిషి.
సబ్బుతో మూడుసార్లు, మజ్జిగతో ఒకసారి
చేతులు కడుక్కుంటేగానీ బిడ్డని ముట్టుకోదు.
కళ్లు తుడవాలంటే మాత్రం ఇప్పటికీ
నర్సునే పిలుస్తుంది.

రెండింటికి తెర మీద గీత లేచింది.
ఒకే ఎత్తు, ఒకే ఎడం, మళ్లీ మళ్లీ,
మిషను మీద వేసిన కుట్టులాగా.
మెదడు అంత బుద్ధిగా ఎప్పుడూ రాయదు.
వరస కుదిరితే భయపడమనే మాకు నేర్పారు.

పరిగెత్తాను.

తీరా చూస్తే, మంచానికి తల ఆనించి
మస్తాన్‌బీ బిడ్డ భుజం మీద జోకొడుతోంది.
కునుకు పట్టింది తనకే.
చెయ్యి ఒక్కటే మేలుకుని ఉంది.

"అమ్మా, కాసేపు చెయ్యి తియ్యి."
తీసింది. గీత పడుకుంది.
తప్పు చేసినట్టు చెయ్యి కొంగులో దాచుకుంది.
తప్పేం లేదని చెప్పబోయాను,
పక్క మంచం అలారం మోగింది.

నాలుగుంపావు.
మళ్లీ అదే కుట్టు.
లేవబోయి, ఆమేలే అనుకుని కూర్చున్నాను.
ఎంతసేపు కూర్చున్నానో యంత్రం దగ్గర లెక్కుంది:
నలభై సెకన్లు.
అప్పుడు వీడియో వైపు చూశాను.
చెయ్యి కొంగులోనే ఉంది.

పాప కనురెప్ప కూడా అదరడం లేదు.

డాక్టర్ వకుళ చెప్పులేసుకోకుండానే వచ్చింది.
మిడజోలం. ఐదు నిమిషాలు. చాల్లేదు.
పద్దెనిమిది కిలోలకి లెక్క కట్టి ఇంకో మందు.
సిరంజి పంపు మెల్లగా తోస్తూ ఉంటే
గీతల మధ్య ఖాళీలు పడ్డాయి,
కుట్టు ఒక్కో పోగూ ఊడుతున్నట్టు.

"నిద్రపోతందిగా, ఇప్పుడెందుకు సూది?"
నిండా గీతలున్న ముందు పేజీకి తెర తిప్పి చూపించాను.
ఆమెకి అక్షరాలు రావు.
చాలాసేపు చూసింది.
"ఇంత గోల పెడతంటే
నాకు ఇనపళ్లేదే" అంది.

తెల్లారాక అడిగింది, ఇంక జోకొట్టుకోవచ్చా అని.
గంట ఆగమన్నాను.
గోడ గడియారం కింద నిలబడి
గంటా ఆగింది.

రిపోర్టులో రెండింటి గీత పక్కన
'తల్లి చెయ్యి' అని రాశాను.
నాలుగుంపావు దాని పక్కన జబ్బు పేరు, మందుల పేర్లు, ఆగిన టైము.
నా నలభై సెకన్లు రాయడానికి
ఆ కాగితంలో గడి లేదు.