తొంభై ఆరు డిగ్రీల దగ్గర

దక్షిణపు గాలి రేకుల కప్పును గీరుతోంది.
సౌత్‌లాండ్‌లో అక్టోబరు. గడ్డి పొంగే నెల,
పొదుగులు పొంగే నెల,
ట్యాంకర్లకు రాత్రని తెలియని నెల.
మటౌరా నది ఒడ్డున ఆరంతస్తుల డ్రయ్యరు.
దాని పాదాల దగ్గర, రబ్బరు బూట్లలో
అలస్డేర్ మక్‌రోరీ.
ముప్ఫై ఒక్క ఏళ్లుగా అదే గరాటు కింద.

జున్ను కోసం పాలు విరిచాక
మిగిలేది లేతాకుపచ్చ తేట.
అతని తాత దాన్ని పందుల తొట్టిలో పోసేవాడు,
ఎక్కువైతే కాలవలోకి.
మర్నాడు చేపలు తెల్లటి పొట్టలతో తేలేవి.
బంగారాన్ని పారబోశారు కదా అంటే
అలస్డేర్ నవ్వుతాడు.
అప్పుడది బంగారం కాదు, కంపు.

మన మాటలో విరుగుడంటే విరిగిన పాల నీరు.
విషాన్ని దించే మందూ విరుగుడే.
ఏది ఏదవుతుందో
మధ్యలో ఉన్న చేతులే చెప్పాలి.

ముందు డెబ్బై రెండు డిగ్రీలు, పదిహేను సెకన్లు. అంతే.
సూక్ష్మజీవి చావాలి, మాంసకృత్తు ఉలిక్కిపడకూడదు.
ఆ తర్వాత చలి.
చల్లని గొట్టాల్లో పొరల వెంబడి ఒకటే పరుగు.
చక్కెరా ఉప్పూ రంధ్రాల్లోంచి జారిపోతాయి,
పెద్దవి ఇవతలే ఆగిపోతాయి
గుమ్మం చిన్నదని వెనుదిరిగిన ఏనుగుల్లా.

నది కింది ఊరి ఫ్యాక్టరీలో
ఆమ్లమూ క్షారమూ పోసి
రెసిన్ గింజలకు అతికించి లాగుతారు.
డబ్బా మీద శాతం పెద్దక్షరాల్లో మెరుస్తుంది.
ఆ అంకెలోకి ఎక్కని చిన్నచిన్నవి కొన్ని
మురుగుతో పాటు వెళ్లిపోతాయి.
"శుభ్రం అనుకో, ఖాళీ అనుకో" అంటాడు
'ర'ని నాలుక మీద గులకరాయిలా దొర్లిస్తూ.

చివరికి తుంపర.
నూట ఎనభై డిగ్రీల గాలిలోకి చిమ్మినా
తడి ఉన్నంతసేపు చుక్క కాలదు,
తన చెమటే తనకు గొడుగు.
తడి ఆరిపోయే ఆ ఆఖరి క్షణమే గండం.

మంగళవారం, తెల్లవారుజామున మూడు దాటాక
బయటికొచ్చే గాలి తొంభై ఆరు చూపించింది.
నలభై నిమిషాలు.
అలారం ఎందుకో మోగలేదు.
అలస్డేర్‌ని లేపింది అతని ముక్కు:
ఉడికిన గుడ్డు వాసన,
వెనకే అడుగంటిన పాలగిన్నె.

లాబ్‌లో మెరెపేకా టౌరీ గ్లాసు నీళ్లలో పొడి వేసి తిప్పింది.
మంచిదైతే మునిగి మాయమవ్వాలి.
ఇది ముద్దలు కట్టింది,
కాసేపు తేలి, ఇసుకలా అడుగున కూర్చుంది.
మడత విడిన ప్రోటీన్
పక్కదాని చెయ్యి పట్టుకుని వదల్లేదు.
లైసీను చక్కెరతో ముడిపడినచోట
ఎండలో మరిచిన కాగితం రంగు.

"కడుపు కూడా మడత విప్పేదేగా" అన్నాడతను.
వాదన కాదు, ఊరికే.
"విప్పుతుంది" అంది మెరెపేకా, గ్లాసు వెలుతురులోకి ఎత్తి,
"ఇలా మాడి ముడిపడ్డవాటి దగ్గరే
దాని వేళ్లు కూడా చాలవు."

మూడు టన్నుల మంచి పొడిలో కలిపేస్తే
పరీక్ష గట్టెక్కుతుంది.
ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ అనలేదు.
ఆమె చిట్టా తెరిచింది, ఏం రాయాలో తోచక.
అక్కడ అప్పటికే ఉంది, వంకర రాతలో:
మూడూ అయిదు నుంచి మూడూ నలభై అయిదు.
నిద్రపోయాను. అ. మ.

పసుపు చీటీ అంటించిన పదకొండు బస్తాలు
రోడ్డుకు అవతల కొట్టంలోకి వెళ్లాయి.
సాయంత్రం గోరువెచ్చని నీళ్లలో కలిపి
ఎవరో కుర్రాడు బకెట్టు పెట్టాడు.
నాలుగు రోజుల దూడ
మూతి ముంచింది, చీదింది,
పాలు దిగడానికి పొదుగును పొడిచినట్టు
బకెట్టును రెండుసార్లు తలతో పొడిచింది.