మాలు కలిపిన తావు

మురకంబట్టులో మిద్దె ముందర రెండు సెంట్ల నేల.
“ఏం నాటినా నిలవదు దొరస్వామీ,
ఆరు గులాబీలు పెడితే ఆరూ పోయినాయి,
కనకాంబరం కూడా కన్ను తెరవలా.
నీళ్లల్లో ఉప్పుందంటావా?”
అడిగింది సుగుణ టీచరు.
నన్ను ఆనవాలు పట్టలా.
పన్నెండేండ్లయింది.
అప్పుడు మీసం నలుపు, మోకాళ్లు నా మాట వినేవి.
ఇప్పుడు సారవ ఎక్కలేని మేస్త్రిని,
తోటపనికి ఎవరు పిలిస్తే వాళ్ల మనిషిని.

మొదటి జానెడు మెత్తగానే వచ్చింది.
అది లోడు దించిన మట్టి, పైపూత.
దాని కింద గెడ్డపార ఖంగుమంది.
ఆ చప్పుడు నాకు తెలుసు.
బండది ఒక గొంతు, ఇటుకది ఒక గొంతు,
కంకర మాలుది
దాన్ని కలిపినోడి గొంతు.

తవ్వేకొద్దీ బయటపడినాయి
తుప్పు తీగ, సగం నీలం టైలు,
సిమెంటు సంచి పీలికలు,
కుడికాలి చెప్పు ఒకటి.
మునెమ్మది.
ఆ పొద్దంతా ఒంటి చెప్పుతో ఎండలో గంపలు మోసింది.
నడక ఆలస్యమని తిట్టినానే గానీ
ఎందుకని అడగలా.

అడుగున మంచమంత పలక.
ఈడే మాలు కలిపినాను.
స్లాబు పోసిన రాత్రి మిగిలినదాన్ని
ఎత్తి పారేసే ఓపిక లేక
పారతో సరిచేసి మన్ను కప్పినాను.
మిద్దె చూస్తారు గానీ
నేల కడుపు ఎవరు చూస్తారనుకున్నా.
చూసుకుంటే పలక మీద
నా మడమ, లోతుగా.

“ఏంటది?”
“రాయి పడిందమ్మా.”
అబద్ధం కాదు.
పడిందని అన్నానే గానీ
ఎవరు వేసిందీ చెప్పలా.

సమ్మెటతో రెండు రోజులు.
ఆ రెండు రోజుల కూలి లెక్కలో రాయలా.
టీచరమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టి
“తక్కువ చెప్తా ఉండావే” అంటే
“చదువు లేనోడి లెక్కలమ్మా” అన్నా.

మూడో రోజు ట్రాక్టరు ఎర్రమట్టి.
గొర్రె పెంటికలు, చెనిక్కాయ పొట్టు,
బెల్లం గానుగ కాడి చెరుకు పిప్పి,
వేపచెక్క నాలుగు చేటలు.
ఒకటికి నాలుగని చేతులు వాటంతట అవే కొలిచినాయి.
మూడుసార్లు తిరగేసి కుప్పజేసి
నడుమ గుంట చేసి
నీళ్ల బిందె వంచబోయి ఆగినా.
నవ్వొచ్చింది.

పిడికెడు తీసి నొక్కి చూసినా.
ఉండ నిలిచింది.
వేలితో తాకితే విడిపోయింది.
నలభై ఏండ్లు ఈ చేతులు
విడిపోనిదాన్నే మంచిదన్నాయి.

“ఎప్పుడు నాటొచ్చు?”
“ఇరవై ఒక్క రోజులు ఏం పెట్టొద్దమ్మా.
పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి తడపండి.
ఎండనియ్యొద్దు.”
టీచరు తలెత్తింది.
“ఈ మాటే ఎవరో,
మిద్దె మీద నిలబడి, ఇదే దగ్గుతో…”
నేను గంప వెతుక్కున్నా.

మడమ ఉన్న ముక్క ఒక్కటి పగలకుండా మిగిలింది.
“కొళాయి కింద వేసిపో,
కాళ్లు కడుక్కోను పనికొస్తుంది” అంది.
బోర్లా వేద్దామనుకుని వంగినా.
మోకాలు కలుక్కుమంది.
కాసేపట్లా ఉండి
వెల్లకిలా వేసినా.