చివరాయకట్టు

రాత్రి రెండున్నరకి వచ్చిన ట్యూబు
ఇంకా గోరువెచ్చగానే ఉంది.
చీటీ మీద: ఉరుకుందప్ప, అరవై ఒకటి,
కేసీ కాలువ లస్కరు.

మిషను గురగురమని కాగితం కక్కింది.
ప్లేట్‌లెట్లు లెక్కకి సరిపోయినాయి,
సైజే పెద్దది, పన్నెండు దాటింది.
మూలుగలోంచి నిన్నమొన్న బయటపడ్డ
దుడుకు పిల్లలు.
యాడో గండి పడిందని కేక విని
ఇసక మూటలెత్తుకోని ఉరికినాయి,
గట్టు పూడ్చబోయి
కాలువనే పూడ్చినాయి.

ఈ పోలిక నాది కాదు.
తెల్లారి, కర్నూలు పెద్దాసుపత్రి ఎకో గది బయట
డాక్టరమ్మ ముప్పై అయిదు శాతం అన్నప్పుడు
ఆయనే అడిగినాడు:
"నూరు పాళ్ళొస్తే
ముప్పై అయిదే కిందికి ఇడుస్తాందా, మా?
ఇంగ చివరాయకట్టు ఎండినట్టే."

దుప్పటి తీసి కాళ్ళు చూసుకున్నాడు.
ఎండలేదు. వాచినాయి.
వేలితో నొక్కితే గుంట అట్లనే నిలిచింది.
"నీళ్ళన్నీ ఈడుండాయే!"
వాళ్ళామె లాలెమ్మ మాత్రం నవ్వలేదు.

నా రిజిస్టర్లో ఈ రెండు నెలలూ
పెద్ద సైజు పక్కన చిన్న శాతం,
ప్రతిసారీ కాదు,
నా కంట పడేటన్నిసార్లు.
దీనికి అర్థం రాసే గడి ఆ పేజీలో లేదు.

"షట్టరుకు తుప్పు పట్టిందా,
గ్రీజు పెడితే తిరుగుతాదా?"
మూడు నెలలకి మళ్ళీ ఎకో తీస్తారన్నాను.
"సరే, అందాకా వంతులేసుకుంటా.
పొద్దున నడక, మాపున పడక."

ఇప్పుడు ఆయన రెండో ట్యూబు నా చేతిలో.
మెల్లగా తిరగేస్తున్నా,
ఎనిమిది సార్లు,
గడ్డ కట్టకుండా.