నాలుగో సూది

మళ్ళా వచ్చింది.
చెవి అంచున మొదలు, తవుడు రాలినట్టు పొట్టు.
మోచేతుల దగ్గర తోలు
ఎండిన వంకాయలా ముడతలు పడింది.
రాత్రంతా గోక్కుంటుంటే
వెనక్కాలు రేకు తలుపుకి తగిలి
టక టక టక టక,
అప్పులాయన వచ్చి పిలుస్తున్నట్టు.

దీని పేరు పలక.
మార్కాపురంలో పలకల షెడ్డు వెనక
విరిగిన ముక్కల గుట్టలో ఈనింది దీని తల్లి.
నల్లగా, నున్నగా,
అప్పుడే తడిగుడ్డ పెట్టి తుడిచినట్టుండేది.
నేను అంచులు కోసే మిషను దగ్గర కూచుంటే
నా చెప్పుల మీద గడ్డం ఆనించి పడుకునేది.
సాయంత్రానికి దుమ్ము పట్టి ఇద్దరిదీ ఒకే రంగు.

మొదటిసారి గజ్జి పట్టినప్పుడు
వీధి వీధంతా డాక్టర్లే.
లారీ బసివిరెడ్డి కాలిన ఇంజనాయిలు పుయ్యమన్నాడు.
పూశాను. ఆ పాపం నాదే.
రెండ్రోజులు నాక్కుని నాక్కుని
నురగలు కక్కింది.
మా అత్త గంధకం నూరి కానుగ నూనెలో కాచింది.
ఆ కంపుకి ఈగలు కూడా మా వాకిలి తొక్కలేదు.
గజ్జి తొక్కింది.

అప్పుడు తీసుకెళ్ళాను పశువుల ఆసుపత్రికి,
గోనెసంచిలో చుట్టి, షేరాటోలో.
పక్కనామె కుచ్చిళ్ళు దగ్గరకి లాక్కుని
"గజ్జికుక్కనా?" అంది.
ఆ మాట మనుషుల్ని తిట్టడానికే విన్నాను అప్పటిదాకా.
నన్నూ అన్నారు ఒకసారి,
కూలి పెంచమని అడిగిన రోజు.

డాక్టరమ్మ బ్లేడుతో తోలు గీకింది, నెత్తురు చెమర్చేదాకా.
గాజుబిళ్ళ మీద నూనె చుక్క.
"చూడు హుస్సేనమ్మా" అని పక్కకి జరిగింది.
ఒక కన్ను మూసి చూశాను.
గుండ్రటి పొట్ట, మొండి కాళ్ళు,
తొందరేం లేదన్నట్టు కదులుతోంది
నా కుక్క తోలులో బొరియ తవ్వుకున్న జీవి.
ఓరి నీ పాసుగూలా,
ఇంతేనా నువ్వు!

పద్నాలుగు రోజులకొక సూది. మొత్తం నాలుగు.
మా ఇంట్లో పలకముక్కకి కొదవా?
గోడకి ఆనించి బలపంతో గీత గీశాను.
రెండో గీతకి వీపున నూగు మొలిచింది.
మూడో గీతకి పలక మళ్ళా పలకైంది.
నాలుగో వారం పెద్ద ఆర్డరు, రెండు షిఫ్టులు.
నున్నగా ఉంది కదా, ఇంకెందుకులే
అనుకుని తుడిచేశాను.

చింతచిగురు నాటికి వచ్చింది.
సూదులు. పోయింది.
పీర్ల పండగకి మళ్ళా.

ఈసారి డాక్టరమ్మ సూది తియ్యలేదు.
"ఏడ పడుకుంటది?"
"గోనెసంచి మీదమ్మా. చలికి అదే కప్పుతా."
"ఎప్పుడన్నా ఉడకబెట్టావా దాన్ని?"
నేను మాట్లాడలేదు.
మెత్తగా ఉండాలని రెండు మడతలు వేసి మరీ పరిచాను.
"నీ చేతులు చూపించు."
గాజుల కింద ఎర్రటి దద్దుర్లు.
రాతి దుమ్ము అనుకుంటున్నా ఇన్నాళ్ళూ.
"దీంతో తిరిగే కుక్కలున్నాయా?"

ఉంది.
మూతబడ్డ గని గుంతలో, ఒంటిచెవిది.
వెంట్రుకే లేదు దానికి, రాయికి తోలు కప్పినట్టుంటది.
అర్ధరాత్రి తలుపు సందులోంచి జారి
పలక పొయ్యేది దాని దగ్గరికే.
తల్లి కదా మరి.

సంచి కాల్చేశాను.
నా చేతులకి మందు, పలకకి సూది,
తల్లికి మాత్ర.
జొన్నముద్దలో ఎండుచేప, చేపలో మాత్ర,
గుంత అంచున పెట్టి దూరంగా కూచున్నాను.
వచ్చింది. ముద్ద తింది. చేప తింది.
మాత్ర కడిగినట్టు ఉమ్మేసి
నా వైపు చూసి పోయింది.
మూడో రోజు కోడి లివరులో పెడితే
నమలకుండా మింగింది.

ఇప్పుడు గోడ దగ్గర పలకముక్క మీద
రెండు వరసలు:
కూతురివి మూడు గీతలు,
తల్లివి రెండు, అందులో ఒకటి వంకర.
పలక వీపు మెరుస్తోంది.
మేస్త్రీ ఫోను చేశాడు, రేపు రెండు షిఫ్టులంట.
రేపు బుధవారం, నేను రానన్నాను.
బలపం కొప్పులో గుచ్చుకున్నాను,
పొద్దున వెతుక్కోకుండా.