ముక్కు దించు

ఓర్వకల్లు రన్‌వే అంచున పిట్టల్ని అదిలించేది నా పని.
ఒక రేకు డబ్బా, ఒక కట్టె, సంచిలో నాలుగు టపాకాయలు.
పేరు మద్దిలేటి. కార్డు మీద ఉద్యోగం పేరు
నాకంటే పొడుగు.

మే నెలలో పొద్దున పదికే
గాలి పలచబడతాది
నీళ్ళెక్కువైన మజ్జిగ మాదిరి.
నేర్చుకునేవాళ్ళ చిన్న విమానం ఎంత ఉరికినా
చక్రం నేలను వదల్దు.
రెక్కకు పట్టు దొరకాల గదా.

నంద్యాల పిల్ల షమీమున్నీసా చెప్పింది,
గేటు కాడ టీ ఊదుకుంటా:
"నాలుగు బలాలు మామా.
ఇంజను ముందుకు గుంజుతాది, గాలి వెనక్కి.
బరువు కిందికి, రెక్క పైకి.
నాలుగూ సరిపోతే నిమ్మళంగా పోతాది."
నవ్వినా.
మా ఇంట్లోనూ నలుగురమే, తలా ఒక దిక్కుకు గుంజుతాము.
నిమ్మళం నేను చూడలేదు.

రెక్క సంగతి మాత్రం చిన్నప్పుడే తెలుసు.
కళ్ళంలో మా నాయన కొర్రలు తూర్పారబడుతుంటే
నేను ఖాళీ చాట గాలికి అడ్డం పట్టేవాణ్ణి.
కొంచెం వాలిస్తే
చేతిలో కోడిపిల్ల మాదిరి పైకి తన్నుకునేది.
ఆశ పుట్టి ఇంకొంచెం ఎత్తితే
ఎగరడం మరిచి
తిరగబడి నా రొమ్ముకే తగిలేది.
"ఓరే, గాలికి మొగం చూపీ, రొమ్ము చూపొద్దు" అనేవాడు నాయన.

ఆ పొద్దు పిల్ల ఒంటరిగా లేచింది.
ఎండ. పలచటి గాలి. ఎదురుగా రాతి గుట్టలు.
గుట్టలు దాటాలని ముక్కు ఎత్తింది,
దాటదేమోనని ఇంకా ఎత్తింది.
ఇంజను అరుస్తానే ఉంది,
విమానం మాత్రం ముందుకు పోవడం మరిచింది.
ఎడమ రెక్క ఒకసారి కుంగింది.
నా చేతిలో డబ్బా ఎప్పుడు పడిందో తెలీదు.
"ముక్కు దించు తల్లీ, దించూ!"

దించింది.
ఏ రాళ్ళను చూసి భయపడిందో
ఆ రాళ్ళ మీదికే దించింది.
ఒక్క గుక్కెడు సేపు.
అప్పుడు గాలి మళ్ళీ రెక్కల మీదికి వచ్చి కూచుంది,
విమానం బరువు తెలుసుకున్నట్టు కదిలి
గుట్టల పైన సన్నటి నీడ ఈడ్చుకుంటా పోయింది.

దిగినాక గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంది.
అయినా టీ తొణుకుతా ఉంది.
"మామా, కింద నుంచి ఏమన్నా అరిచినావా?
నోరు తెరిచినట్టు కనపడింది."

అంత ఎత్తు నుంచి నోరు కనపడతాదా ఎక్కడన్నా.

"పిట్టల్ని" అని చెప్పి
సొట్టబోయిన డబ్బా వెతుక్కుంటా పోయినా.